షుగర్ వచ్చాక ఎవరి దగ్గరికి వెళ్లాలి: డైటీషియనా, యాపా, మాట్లాడించే హెల్త్ కోచా?

"మేడమ్, ఫోన్లో హెల్త్ కోచ్ అంట. నెలనెలా డబ్బు కట్టాలంట. చేరమంటారా?"

నెల్లూరులో ఒక చిన్న క్లినిక్‌లో నేను డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ గారు మందులు రాసి పంపాక తిండి, నడక, ఇన్సులిన్ వేసుకోవడం, కాళ్లు చూసుకోవడం గురించి పేషెంట్లతో కూర్చుని మాట్లాడటం నా పని. పదేళ్ల కిందట అందరూ అడిగింది "అన్నం మానేయాలా?" అని. ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్నది హెల్త్ కోచ్ గురించి, అంటే అలవాట్లు మార్చుకోవడంలో తోడుండే మనిషి గురించి. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు, సెలవులకు వచ్చినప్పుడు నాన్న ఫోన్లో ఒక యాప్ ఎక్కించి పోతారు. వీధి చివర 'వెల్‌నెస్' అని ఒక బోర్డు వెలుస్తుంది. డైటీషియన్లు ఉండనే ఉన్నారు. పల్లెల్లో అయితే ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి పలకరిస్తుంది. ఇందరిలో ఎవరి మాట వినాలో తేలక, చివరికి ఎవరి దగ్గరికీ వెళ్లకుండా ఉండిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏం తినాలో, ఎంత తినాలో తెలియకపోతే డైటీషియన్ కావాలి. అన్నీ తెలిసి కూడా చేయలేకపోతుంటే, "చేయాలనే ఉంది, కానీ..." దగ్గర మాట ఆగిపోతుంటే, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి నేర్చుకున్న హెల్త్ కోచ్ కావాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో రెండో రకమే ఎక్కువ. వాళ్లకు మాత్రం ఎక్కడికి వెళ్లినా మళ్లీ మళ్లీ అదే చార్టు చేతిలో పెడుతున్నాం.

చార్టు తీసుకుని వెళ్లిన పెద్దమ్మ

ఈ పద్ధతి నేను నేర్చుకోకముందు సంగతి. ఇందులో పేషెంట్ల గురించి రాసిన చోట వాళ్లెవరో తెలియకుండా వివరాలు మార్చాను.

కోవూరు వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్టు (హెచ్‌బీఏ1సీ) తొమ్మిదిన్నర చూపించింది. నేను చార్టు తీసి, ఎర్ర పెన్నుతో అన్నం, అరటిపండు, బంగాళదుంప కొట్టేసి, "ఇట్లాగే తింటా ఉంటే కిడ్నీలు పోతాయమ్మా, కళ్లు పోతాయి" అని గట్టిగా చెప్పాను. "సరేమ్మా, సరేమ్మా" అని తల ఊపింది. చార్టు నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని వెళ్లింది. మళ్లీ ఏడాదికి వచ్చింది, కాలి బొటనవేలికి పుండుతో. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే, "మీరు కేకలేస్తారని రాలేదు తల్లీ. తగ్గించుకోకుండా ఏం మొహం పెట్టుకుని వచ్చేది" అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆమెకు తెలియనిది నేను చెప్పింది ఏమీ లేదు. అన్నం తగ్గించాలని ఆమెకు ఎప్పుడో తెలుసు. నా మాటల వల్ల ఆమెకు కొత్తగా కలిగింది సిగ్గు ఒక్కటే. ఆ సిగ్గే ఏడాదిపాటు క్లినిక్ గడప తొక్కనివ్వలేదు.

అసలు ఈ పద్ధతి ఏమిటి

పేరు చూసి పొరబడేవాళ్లు చాలామంది. మోటివేషన్ అనగానే మైకు పట్టుకుని ఉత్సాహపరిచే ప్రసంగాలు గుర్తొస్తాయి. ఇంటర్వ్యూ అనగానే ఉద్యోగం గుర్తొస్తుంది. రెండూ కాదు. మనిషి ఎందుకు మారాలనుకుంటున్నాడో ఆ కారణాలు అతని నోటి నుంచే వచ్చేలా మాట్లాడించడం, వచ్చినప్పుడు వాటిని జారిపోనివ్వకుండా పట్టుకోవడం. అంతే దీని సారం.

ఇది పుట్టింది షుగర్ వైద్యంలో కాదు, తాగుడు మానిపించే చోట. విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త నార్వేలో ఉన్నప్పుడు అక్కడి యువ సైకాలజిస్టులు, "మీరు ఆ మాట ఎందుకన్నారు? ఆ ప్రశ్న ఎందుకడగలేదు?" అని అడుగుతుంటే, జవాబులు చెబుతూ చెబుతూ తాను చేస్తున్నదానికి ఒక రూపం తెచ్చుకున్నాడు. 1983లో దాని మీద వ్యాసం వేశాడు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో తాగుడు వైద్యం అంటే ఎక్కువగా నిలదీయడమే. మిల్లర్ బృందం 1993లో వేసిన పరిశోధనలో, కౌన్సిలర్ ఎంత ఎక్కువ నిలదీస్తే పేషెంటు ఏడాది తర్వాత అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది.

ఇది చదివినప్పుడు నాకు మన దూబగుంట గుర్తొచ్చింది. 1992లో ఈ జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి కదిలారు, రాష్ట్రమంతా కదిలింది. అది దుకాణం మీద పోరు, గెలవాల్సిన పోరు. కానీ ఇంట్లో ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి మీద అదే పోరు చేస్తే పనిచేయదు. అక్కడ వేరే నేర్పు కావాలి.

ఎందుకు పనిచేయదో కావడి మోసే మనిషిని తలుచుకుంటే తెలుస్తుంది. మారాలనే కోరిక ఒకవైపు, ఇట్లాగే బాగుందనే అలవాటు ఇంకోవైపు. రెండు బరువులూ అతని భుజం మీదే ఉన్నాయి. నేను వెళ్లి "మారాలి" వైపు ఇంకో బరువు వేస్తే, పడిపోకుండా ఉండటానికి అతను రెండోవైపు వేసుకుంటాడు. "మా తాత రోజుకి మూడుపూటలా అన్నమే తిన్నాడు, తొంభై ఏళ్లు బతికాడు" అన్న మాట అప్పుడే వస్తుంది. ఆ మాట అతని చేత అనిపించింది నేనే.

ఒకే మనిషి, రెండు సంభాషణలు

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న ఒకాయన. యాభై దాటాయి. మూడు నెలల షుగర్ 8.8. అతనితో మామూలు పద్ధతిలో మొదటిసారి జరిగిన మాటలివి:

"రోజుకి ఎన్ని టీలు తాగుతారు?"

"ఏడెనిమిది."

"చక్కెర వేసుకునా?"

"చక్కెర లేకుండా అది టీ ఎట్లయితది మేడమ్."

"మానేయాలి. నడుస్తున్నారా?"

"గుంటల మీద తిరగతానే ఉంటా గదా."

"అది సరిపోదు. రోజూ అరగంట నడవాలి."

"నాకాడ టైం యాడుంది."

నా మాట మాటకీ ఒక తలుపు మూసుకుంది. నెల తర్వాత ఇంకోరకంగా మొదలుపెట్టాను.

"రాత్రిళ్లు గుంట మీద ఎట్లా గడుస్తుందో చెప్పండన్నా."

"ఏముంది మేడమ్. కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్లకి గాలి అందదు. వెంటనే జనరేటర్ వెయ్యాల. ఆ టైంలో కన్నంటుకుంటే కల్చర్ పోయినట్టే. టీ తాగతా కూర్చుంటా."

"నిద్ర ఆపుకోవడానికి టీ. అది లేకపోతే పంటకే ముప్పు."

"అంతే గదా. కానీ ఇప్పుడు టీ తాగినా కళ్లు మూసుకపోతా ఉండాయి. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేస్తా. కాళ్లు తిమ్మిర్లు."

"టీ చేయాల్సిన పని కూడా సరిగ్గా చేయడం లేదు."

కొంచెంసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తర్వాత, "మా నాయనకి కాలు తీసేసినారు మేడమ్. అరవై నిండకుండానే" అన్నాడు.

"మీకూ అట్లా అవుతుందేమోనని భయంగా ఉంది."

"భయమే. చిన్నది ఇంకా ఇంటర్ చదవతా ఉంది."

ఆ భయం మీద నేను ఇంకో భయం పేర్చలేదు. అతనికి బాగా తెలిసిన చోటికి తీసుకెళ్లాను, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి గుంటలోకి దించే చెక్ ట్రే దగ్గరికి. "చెక్ ట్రేలో మేత మిగిలి కనిపిస్తే ఏం చేస్తారన్నా?"

"తర్వాత పూట మేత తగ్గిస్తాం. అడుగున కుళ్లితే నీళ్లు పాడైపోతాయి." ఒక నిమిషం ఆగి, "గుంటకి రోజూ లెక్క చూస్తా. నాకు ఆర్నెల్లకి ఒకసారి కూడా చూసుకోను" అన్నాడు.

"ఎక్కడ మొదలుపెడితే బాగుంటుందనుకుంటున్నారు?"

"రాత్రి టీల్లో చక్కెర ఆపేస్తా. పగటివి రెండు ఉండనీండి."

రాత్రి టీలు, పగటి టీలు అని విడగొట్టే ఆలోచన నాకు వచ్చేది కాదు. నేనైతే ఎనిమిదీ కొట్టేసేదాన్ని. గుంటలో మేత, ఆక్సిజన్ రాసుకునే నోట్‌బుక్‌లోనే పక్కన గీత కొట్టి తన షుగర్ రాసుకోవడం కూడా అతని ఆలోచనే. తర్వాతిసారి ఆ పుస్తకం తెచ్చి చూపించాడు. నీళ్లు పడి సగం చెరిగిపోయిన అంకెల పక్కన 212, 187, 194 అని నీలం ఇంకుతో ఉన్నాయి. మూడు నెలలకు టెస్టు 7.9 వచ్చింది. డాక్టర్ గారు అదే సమయంలో మాత్రలు కూడా మార్చారు కాబట్టి ఆ తగ్గుదల అంతా టీల వల్లేనని నేను చెప్పను. కానీ ఆ మాత్రలు కూడా రోజూ వేసుకోవడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

కోచ్ చేసేది ఏమిటో గుర్తుపట్టడం

పై సంభాషణలో నేను అడిగినవి తక్కువ. ఎక్కువసార్లు చేసింది, ఆయన అన్నదాన్నే ఇంకొంచెం లోతుగా తిరిగి చెప్పడం. దీన్నే ఈ పద్ధతిలో రిఫ్లెక్షన్ అంటారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ ఎంత బాగా చేస్తున్నారో కొలిచే ప్రమాణం ఒకటి ఉంది. అందులో ఒక ప్రశ్నకు ఒక రిఫ్లెక్షన్ ఉంటే పరవాలేదు, ఒక ప్రశ్నకు రెండు రిఫ్లెక్షన్లు ఉంటే మంచి నేర్పు కింద లెక్క. చెప్పడానికి తేలికే. చేస్తే తెలుస్తుంది, ప్రశ్న మీద ప్రశ్న అడగాలని నాలుక ఎంత దురదపెడుతుందో.

రెండో పనిముట్టు అంకె. "ఈ మార్పు మీకు ఎంత ముఖ్యం, సున్నా నుంచి పది దాకా చెప్పండి" అని అడుగుతారు. మన పెద్దవాళ్లను నేను "పదహారణాల రూపాయిలో ఇది మీకు ఎన్నణాల ముఖ్యం?" అని అడుగుతాను, వెంటనే అందుకుంటారు. ఆరణాలు అన్నారనుకోండి. తెలియని కోచ్ "మిగతా పదణాలు ఏమయ్యాయి?" అంటాడు. అప్పుడు బయటికి వచ్చేవన్నీ సాకులే. తెలిసిన కోచ్ "రెండణాలు అనకుండా ఆరు ఎందుకన్నారు?" అని అడుగుతాడు. జవాబుగా కారణాలు వస్తాయి: మనవడి పెళ్లి, మోకాళ్లు, తిరుమల కొండ నడిచి ఎక్కాలన్న మొక్కు. ఒక్క మాట తేడాతో మనిషి ఎటు తిరిగి మాట్లాడతాడో మారిపోతుంది. మీ కోచ్ ఈ ప్రశ్న ఏ వైపు నుంచి అడిగాడో గమనించండి.

మూడోది, చెప్పేముందు అడగడం. ఈ పద్ధతిలో సలహా ఇవ్వకూడదని కొందరు అనుకుంటారు, అది తప్పు. ఒంగోలు నుంచి బీపీ కోసం ఫోన్లో మాట్లాడే ఒకావిడ ఉంది. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. "ఉప్పు గురించి మీకు తెలిసిందేంటి పిన్నిగారూ?" అని అడిగాను. తనకు తెలిసింది చెప్పింది. "నాకు తెలిసింది ఒకటి చెప్పనా?" అన్నాను. చెప్పమన్నది. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉప్పు, అంటే సుమారు ఒక టీస్పూను, చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందని, పచ్చళ్లలో, అప్పడాల్లో ఉన్నది కూడా ఆ లెక్కలోకే వస్తుందని చెప్పాను. "ఇది విన్నాక ఏమనిపిస్తోంది?" అని ఆగాను. "అయితే పెరుగన్నంలోకి ఉంచుకుని, ఇడ్లీలోకి మానేస్తానమ్మా" అన్నది. ఐదు నిమిషాల్లో అయిపోయిన మాటలు.

మిగతా దారులతో పోల్చి చూస్తే

డాక్టర్ స్థానం ఎవరూ తీసుకోలేరు. జబ్బు నిర్ధారణ, మందులు, టెస్టులు ఆయన పని. ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో మీ అలవాట్ల గురించి కూడా మాట్లాడమని ఆశించడం న్యాయం కాదు.

డైటీషియన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. గర్భంతో ఉండి షుగర్ వచ్చినవాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పెరిగినవాళ్లు ముందు డైటీషియన్ దగ్గరికే వెళ్లాలి. కనిగిరి చుట్టుపక్కల కిడ్నీ సమస్యలు ఎక్కువ. అక్కడి నుంచి వచ్చినవాళ్లు కిడ్నీ రిపోర్టు చూపించకుండా ఏ కోచ్ మాట విన్నా, ముఖ్యంగా ప్రొటీన్ పెంచమనే మాట విన్నా ప్రమాదమే. డిగ్రీ అడగడానికి మొహమాటపడకండి. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే రిజిస్టర్డ్ డైటీషియన్ గుర్తింపు ఉంటే ఇంకా ధీమా. ఒక మంచి డైటీషియన్ చేతిలో మీకు అంకెలతో కూడిన లెక్క వస్తుంది: కప్పు అన్నం, ఎంత పప్పు, చేపల పులుసులో ముక్కలు ఎన్ని, పులుసు ఎంత. కోచ్ ఆ లెక్క వేయలేడు, వేయకూడదు కూడా. అదే డైటీషియన్ మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ కూడా నేర్చుకుని ఉంటే మీ అదృష్టం, ఇంకెక్కడికీ వెళ్లనక్కర్లేదు. అట్లాంటివాళ్లు అరుదుగానైనా ఉన్నారు.

చేతిలో డబ్బు లేనివాళ్లు ఊళ్లోని ప్రభుత్వ క్లినిక్‌తో మొదలుపెట్టండి. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. 104 వాహనం పల్లెలకు వస్తుంది. ఏఎన్ఎంకి, ఆశా కార్యకర్తకు మీ ఇల్లు, వంట, మీ ఇంటి గొడవలు అన్నీ తెలుసు. అది పెద్ద బలం. ఊరంతా తెలిసినామె కాబట్టి తాగుడు సంగతి, డబ్బు ఇబ్బంది ఆమె దగ్గర చెప్పుకోలేకపోవడం కూడా అంతే నిజం. వీళ్ల మీద రాతపని చాలా ఎక్కువ. తీరిగ్గా కూర్చుని వినమంటే కుదరదు. అయినా ఏమీ లేనిదానికంటే వెయ్యి రెట్లు మేలు.

యాప్‌లలో నేను చూసేది ఒక్కటే: ప్రతి వారం మాట్లాడేది అదే మనిషా, తెలుగులో మాట్లాడతాడా? ఈ రెంటికీ అవును అయితే ఫోన్ కోచ్ చాలా బాగా పనికొస్తాడు, మొహం కనిపించకపోయినా సరే. కొందరికి మొహం కనిపించకపోతేనే నోరు పెగులుతుంది. కాదంటే మీరు కడుతున్నది ప్లేటు ఫొటోకి బొటనవేలు బొమ్మ పెట్టేందుకు. పొద్దున సద్దన్నం తిని పొలానికి పోయే మనిషికి ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ ప్లాను పంపిన యాప్ చూశాను. మాట్లాడించి ఉంటే సద్దన్నం సంగతి మొదటి రెండు నిమిషాల్లో బయటపడేది.

పొడి కలిపి తాగించే క్లబ్బుల దగ్గర కూడా 'కోచ్' అనే పేరే వాడతారు. డబ్బా అమ్మితేనే ఆదాయం వచ్చే మనిషి, మీరు మనసులో మాట చెప్పినా డబ్బా వైపే తిప్పుతాడు. వద్దు.

మనసు ఇప్పటికే గట్టిగా నిశ్చయించుకున్నవాళ్లకు కోచ్ కూడా అక్కర్లేదు. "రేపటినుంచి నడుస్తా" అని చెప్పి నిజంగా నడిచేవాళ్లుంటారు. పొద్దున్నే నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌కి వెళ్లి నలుగురితో కలిస్తే చాలు. వారానికి 150 నిమిషాల నడక అక్కడే పూర్తవుతుంది. అట్లాంటి మనిషిని కూర్చోబెట్టి "మీకు ఎందుకు నడవాలనిపిస్తోంది?" అని అడిగితే ఉన్న ఉత్సాహం కూడా జారిపోతుంది. సిగరెట్, చుట్ట, గుట్కా మానాలనుకునేవాళ్లకు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం, డబ్బు కట్టే కోచ్ కంటే ముందు అక్కడికి ఫోన్ చేయండి.

ఎంత నమ్మవచ్చు

జీవనశైలి మార్పు షుగర్‌ను ఆపగలదా అన్న అనుమానం ఉంటే, దానికి గట్టి రుజువులున్నాయి. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, షుగర్ వచ్చే దశలో ఉన్నవాళ్లు బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం అన్న లక్ష్యాలతో చేస్తే, కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతం. మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. అక్కడ జీవనశైలి మార్పుతో 28.5 శాతం తగ్గింది. ఆ అమెరికా అధ్యయనంలో చార్టు ఇచ్చి పంపేయలేదు. ఒక్కొక్కరికీ ఒక కోచ్‌ను ఇచ్చి 16 పాఠాలు కూర్చోబెట్టి నడిపించారు.

మరి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ మాటేమిటి? 2005లో 72 ట్రయల్స్‌ను కలిపి చూసిన ఒక సమీక్ష, మామూలు సలహా కంటే ఇది మెరుగని తేల్చింది. బరువు, కొలెస్ట్రాల్, పై బీపీ అంకెల్లో తేడా కనిపించింది. పదిహేను నిమిషాల సంభాషణలతో చేసిన ట్రయల్స్‌లో కూడా నూటికి 64 ఫలితం చూపించాయి. కానీ అదే సమీక్షలో మూడు నెలల షుగర్ టెస్టు మీద, రోజుకు తాగే సిగరెట్ల సంఖ్య మీద స్పష్టమైన ప్రభావం తేలలేదు. అందుకే "మూడు నెలల్లో షుగర్ మాయం" అని ఎవరైనా ఈ పద్ధతి పేరుతో హామీ ఇస్తే, వాళ్లకు ఈ పద్ధతి తెలియదని అర్థం.

మొదటి మాటల్లోనే కోచ్‌ను పరీక్షించండి

'సర్టిఫైడ్ హెల్త్ కోచ్' అని పెట్టుకోవడానికి డాక్టరుకో నర్సుకో ఉన్నట్టు మన దేశంలో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌కి కూడా లైసెన్స్ అంటూ ఒకటి లేదు. కాబట్టి గోడ మీద సర్టిఫికెట్ చూసి ఆగకండి. "మీ సంభాషణ రికార్డు చేసి ఎవరైనా విని, తప్పులు చెప్పారా?" అని అడగండి. రెండు రోజుల వర్క్‌షాపుతో ఈ నేర్పు నిలవదని, తర్వాత ఎవరో ఒకరు విని దిద్దుతూ ఉంటేనే నిలుస్తుందని మిల్లర్ బృందం 2004లోనే చూపించింది. నా మొదటి రికార్డింగ్ విన్నప్పుడు ఇరవై నిమిషాల్లో పద్నాలుగు నిమిషాలు నా గొంతే వినిపించింది. దిద్దేవాళ్లు లేకపోతే నేను బాగా వింటున్నాననే అనుకుని ఉండేదాన్ని.

మొదటి కాల్ అయ్యాక మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న: ఎక్కువసేపు మాట్లాడింది ఎవరు? కోచ్ అయితే ఆలోచించుకోండి. ఇంకో ప్రశ్న నేరుగా కోచ్‌నే అడగండి: "మీరు చెప్పినట్టు నేను చేయకపోతే ఏం చేస్తారు?" "ఇంకా స్ట్రిక్ట్‌గా ఫాలోఅప్ చేస్తాం" అంటే అది నా పాత ఎర్ర పెన్నే. "ఎక్కడ అడ్డం పడిందో ఇద్దరం కలిసి చూస్తాం" అన్న అర్థం వచ్చే మాట ఏదన్నా అంటే కొంచెం నమ్మొచ్చు. వాళ్లేమైనా పొడి, మాత్ర, కిట్ అమ్ముతారా అని కూడా అడగండి. మందుల విషయం వస్తే డాక్టర్ దగ్గరికి పంపుతారా లేదా అన్నది అన్నిటికంటే ముఖ్యం.

ఈ చివరిదాని మీద గట్టిగా చెప్పాలి. షుగర్ మాత్రలు ఆపమని, ఇన్సులిన్ తగ్గించమని కోచ్ చెప్పకూడదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు ఉత్సాహంగా రాత్రి అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ వస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి. తిండిలో పెద్ద మార్పు చేయబోయే ముందు డోసు గురించి డాక్టర్‌తో మాట్లాడండి. కాలికి పుండు పడినా, ఛాతీలో నొప్పి వచ్చినా కోచ్‌కి మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడకండి. పుండుకి అదే రోజు డాక్టర్, ఛాతీ నొప్పికి 108.

ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టాలా

మన ఇళ్లల్లో ఇది చిక్కుముడి. జబ్బు ఆయనది, వంట ఆమెది. మొదటి కాల్ మాత్రం పేషెంటు ఒక్కరే మాట్లాడాలని నేను పట్టుబడతాను. పక్కన భార్యో కొడుకో ఉంటే, "చెప్పు, నిన్న పెళ్లిలో ఎన్ని మలై కాజాలు తిన్నావో చెప్పు" అని వాళ్లే జవాబులు చెప్పేస్తారు. ఇక నోరు తెరవడు. రెండో మూడో కాల్‌కి ఆయన ఒప్పుకుంటే ఇంటావిడనూ పిలవాలి. ఆమెకూ ఒక కష్టం ఉంటుంది, ఆయనకు వేరే, పిల్లలకు వేరే వండి చేతులు పడిపోతున్నాయని. దాన్ని వినకుండా "నూనె తగ్గించండమ్మా" అంటే ఆ ఇంట్లో ఏదీ మారదు.

కోచ్ దొరకని ఇళ్లల్లో పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. "నాన్నా, మళ్లీ తిన్నావా?" అనే ఫోన్ ఆపి, "ఈ వారం నీకు ఏది కొంచెం తేలికనిపించింది నాన్నా?" అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగండి. ఒక నిమిషం మౌనం వచ్చినా మాట అందించకండి.

చేరాలని నిర్ణయించుకుంటే ఏడాది ప్యాకేజీ ఒక్కసారిగా కట్టకండి, ఒక నెలకే కట్టండి. నెల అంటే నాలుగు కాల్స్. మొదటిదానికి పాత రిపోర్టులు, వేసుకుంటున్న మాత్రల చీటీ దగ్గర పెట్టుకోండి. ప్రతి కాల్ అయ్యాక, చేస్తానని మీ అంతట మీరు అన్న మాట ఒకటి కాగితం మీద రాసుకోండి. నాలుగో కాల్ తర్వాత ఆ కాగితం తీసి చూడండి. రాసినవన్నీ కోచ్ మాటలే అయితే మనిషిని మార్చండి. మీ మాటలే ఉండి, వాటిలో ఒకటైనా నిజంగా జరుగుతుంటే ఇంకో నెల కట్టండి. కాలి పుండుతో వచ్చిన పెద్దమ్మకు వేలి పుండు మానింది. ఇప్పుడు నెలకోసారి వస్తుంది. ఆమె కాగితం మీద ఈసారి ఉన్నది, "రాత్రికి రెండు గరిటెలు, మూడో గరిటె మనవడికి." ఆమె చెబుతుంటే నేను రాసి ఇచ్చాను.